రుక్మి కథ కూడా చదవండి

ఆదిభట్లలో మా వీధి ఆడపిల్లలకు సంబంధాలు కుదరకపోతే తల్లులు నా దగ్గరికి వస్తారు. రిటైరైన తెలుగు టీచరును కదా, రుక్మిణీ కల్యాణం చదివించమంటారు. పిల్ల జీతం అమ్మానాన్నల సంపాదన కంటే ఎక్కువే, అయినా పెండ్లికి పోతన భాగవతమే దిక్కు. సంతోషంగా చదివిస్తాను. రుక్మిణి రథమెక్కగానే హారతిచ్చి పుస్తకం మూసేయడమే నాకు గిట్టదు.

అసలు ఆ కథేమిటి? అన్న రుక్మి శిశుపాలుడి సంబంధం ఖాయం చేశాడు. పిల్లకు ఇష్టం లేదు. తనే కృష్ణుడికి కబురంపి, గౌరీపూజ చేసుకుని వస్తూ రథమెక్కింది. మన వాడుకలో లేచిపోయింది. మంచి మొగుడు రావాలని ఆమె కథే చదివిస్తాం.

అదే ఇప్పటి పిల్ల తన ఇష్టంతో పెండ్లాడితే? మా ఇబ్రహీంపట్నం మండలం రాయపోలులో 2024 డిసెంబర్ 2న, హయత్‌నగర్ స్టేషన్ కానిస్టేబుల్ ఒకామె స్కూటీ మీద డ్యూటీకి బయలుదేరితే కారుతో గుద్ది, కత్తితో నరికి చంపారు. అంతకుముందు నవంబరులోనే ఆమె యాదగిరిగుట్టలో వేరే కులం అబ్బాయిని పెండ్లాడింది. పోలీసులు అరెస్టు చేసింది తోడబుట్టినవాణ్ణి. భూమి తగాదా కూడా ఉందని పత్రికలు రాశాయి. ఉండొచ్చు. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక మా దగ్గర పరువుకూ ఎకరం ధరకూ మధ్య గట్టు ఎక్కడుందో చెప్పడం కష్టం.

ఇలాంటివి జరిగినప్పుడు ధర్మం పేరెత్తేవాళ్లుంటారు. ఏ ధర్మం? తరుముకొచ్చిన రుక్మిని చంపబోయిన కృష్ణుడి కాళ్ల మీద పడి, అన్నను వదిలేయమంది రుక్మిణే. గడ్డం, మీసం చెక్కి వదిలేశాడు. దానికే బలరాముడు తమ్ముణ్ణి మందలించాడు: చంపదగ్గ తప్పే చేసినా బంధువును బంధువు చంపకూడదని. తోడబుట్టినవాణ్ణయినా చంపించే క్షత్రియ ధర్మం ఘోరమైనదనీ అన్నాడు. ఈ మాటలు హారతి తర్వాత వస్తాయి.

చట్టం వైపు పని జరగలేదని కాదు. మేజర్ల పెండ్లిని అడ్డుకునే హక్కు ఎవరికీ లేదని, జిల్లాల్లో ప్రత్యేక సెల్‌లు, రక్షణ గృహాలు పెట్టాలని సుప్రీంకోర్టు 2018 మార్చి 27న చెప్పింది. ఆ సెప్టెంబరులోనే మిర్యాలగూడలో వేరే కులం అమ్మాయిని పెండ్లాడిన యువకుడి హత్య జరిగింది. ఆ కేసులో 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఇటు ప్రత్యేక వివాహ చట్టం కింద పెండ్లంటే ముప్పై రోజుల ముందు నోటీసు బోర్డు మీద పేర్లు పెట్టాలి. ప్రాణభయంతో వచ్చినవాళ్లకు అంతకంటే ప్రమాదం ఉంటుందా? అందుకే గుళ్లకు పరుగెత్తుతారు.

మొన్న పారాయణంలో ఒక పెద్దాయన పట్టుకున్నాడు. "టీచరమ్మా, ఆఖరికి ఆ రుక్మిని చంపింది బలరాముడే కదా!" నిజమే. రుక్మిణి మనవడు అనిరుద్ధుడి పెండ్లిలో, జూదం దగ్గర, అవమానం పట్టలేక. కృష్ణుడు అవుననలేదు, కాదనలేదు. ఒక పక్క భార్య, ఒక పక్క అన్న. ఆ మౌనాన్ని నేను సమర్థించను. కానీ అంతకుముందు రుక్మి చేసిందేమిటో కూడా చూడమన్నాను. పగ చావలేదు, అయినా చెల్లెలి సంతోషం కోసం కూతుర్ని ఆమె కొడుకు ప్రద్యుమ్నుడికే ఇచ్చాడు.

"మేనరికమేగా, కులం ఒకటే" అన్నాడాయన.

పేజీలు వెనక్కి తిప్పి, రుక్మి తరుముకొచ్చిన చోట వేలు పెట్టి చూపించాను. మా పిల్లను తీసుకుపోవడానికి నువ్వు మాకు సరివాడివా, నీది ఏ వంశం, ఎక్కడ పుట్టి ఎక్కడ పెరిగావని కృష్ణుణ్ణి నిలదీస్తాడక్కడ. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ మొదటినుంచి చదవమన్నాడు.