ఎంతిచ్చిన్రు?

"ఎవరన్న తరుముతున్నరా బిడ్డా?" తెల్లవారుజామున కంఠేశ్వర్‌లో పరుగెత్తుతుంటే బీడీలు చుట్టే పక్కింటి అవ్వ అడిగింది.

హైదరాబాద్‌లో మొదటి హాఫ్ మారథాన్, 21.1 కిలోమీటర్లు, రెండున్నర గంటల్లో ముగించాను. రెండోసారి పదహారో కిలోమీటరు దగ్గర కూలబడ్డాను. మూడోసారి మొదటిదానికన్నా పదకొండు నిమిషాలు ఆలస్యం. ఏడుపొచ్చింది. 1928 ఒలింపిక్స్ తర్వాత, ఆడవాళ్ల ఒంటికి 800 మీటర్లే ఎక్కువని ఆ పందేన్ని 1960 దాకా ఎత్తేశారు. మారథాన్ 1984లో గానీ దక్కలేదు. కాబట్టి వెనకబడటం కూడా సాధించుకున్న హక్కేనని సర్దిచెప్పుకున్నాను.

మరి అవ్వ నడుము సంగతి? వెయ్యి బీడీల లెక్కకు చాట ముందు పొద్దంతా వంగితేనే ఆమెకు కూలి. అలసట నాకు సరదా, ఆమెకు బతుకు. ఆ హక్కులో ఆమె వాటా ఎంత?

పందెం నుంచి వచ్చినప్పుడల్లా "ఎంతిచ్చిన్రు?" అంటుంది. నేనే ఎదురు కట్టానని ఇప్పటికీ చెప్పలేదు.