స్పర్శయు, స్పర్శాభాసమును

ఎండమావిని జూచి నీరని భ్రమించినవాడు, అందు చేయి ముంచబోయినప్పుడు గదా నిజము దెలిసికొనును! కన్ను మోసపోయినను చేయి మోసపోదని మనకొక నమ్మకము. ఇపుడా చేయియు భ్రమకు లోనగుచున్నది. వర్చువల్ రియాలిటీ యను యంత్రకల్పిత జగత్తునందు, కన్నులకు గట్టిన పెట్టె దృశ్యమును జూపగా, చేతి తొడుగులోని చిన్న మోటార్లు కంపించి, లేని వస్తువును ముట్టినట్లు తోపించును.

మన తార్కికులు స్పర్శను శీతము, ఉష్ణము, అనుష్ణాశీతము అని మూడు విధములుగా విభజించి, త్వగింద్రియము శరీరమంతట వ్యాపించియున్నదనిరి. ఒత్తిడిని గ్రహించు గ్రాహకములను గనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్, వేడిమిని గ్రహించు దానిని గనుగొన్న డేవిడ్ జూలియస్, 2021లో నోబెల్ బహుమానమును బంచుకొనిరి. చర్మమునందలి యట్టి గ్రాహకములను గదలించియే యంత్రము మనలను నమ్మించుచున్నది.

ఇది నిరర్థకమని మేమనము. శస్త్రచికిత్స నేర్చు విద్యార్థి, రోగికి బాధ గలుగకుండ ముందుగా చేతిని దిద్దుకొనుట మేలే గదా. అయినను స్పర్శకు రెండు కొనలు గలవు: ముట్టినవాడు తానును ముట్టబడును. యంత్రస్పర్శకు ఒక్క కొనయే. అచట మన చేయి యెవరికిని తగులదు. ఎవరికిని మనము జవాబు చెప్పవలసిన పని లేదు.

గత వేసవిలో ఖమ్మమునం దొక ప్రదర్శనమున మేమా తొడుగును ధరించి, లేని విల్లు నెక్కుపెట్టి, నారి కంపమునకు పిల్లవానివలె సంతసించితిమి. మరునాడు పనిమీద గోదావరి వంతెన దాటి, భద్రాచలమునకావల దుమ్ముగూడెము దారిలో నొక కోయగూడెమునకు బోతిమి. తునికాకు కోసి వచ్చిన యొక వృద్ధురాలు, ఎండకు సొలసిన మమ్ము జూచి సొరకాయబుర్రతో నీరందించెను. మా చేయి క్షణకాల మాగెను. ఆమె కనిపెట్టి, “తాగు సారూ, మంచినీళ్లే” ననెను.

1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దు చేసినదని మేము తరగతిలో ఏటేట బోధింతుము. ఆ దోషము ఒక కులమువారి యెడలనే చేయబడునది గాదు. మనిషిని జూచి చేయి యాగిన ప్రతిచోట దాని బీజము గలదు. లేని వింటిని జంకులేక పట్టిన చేయి, ఎదుట నిలిచిన మనిషి యిచ్చిన నీటికి జంకెను. నీరు త్రాగి బుర్రను తిరిగి యిచ్చునపుడు, ఆకు కోసి కోసి గరుకెక్కిన యామె వ్రేళ్లు మా వ్రేళ్లకు దగిలెను. మేము తలయెత్తి చూడలేకపోతిమి.

యంత్రమెంత నేర్పుగ కంపించినను ఈ సిగ్గును గలిగింపజాలదు. కావున పిల్లల కా తొడుగు నిచ్చు పెద్దలు, దానిని దీసిన పిదప ఆ చేయి యెవరిని ముట్టుటకు వెనుదీయుచున్నదో గూడ గనిపెట్టవలయునని మా మనవి. ముందుగా తమ చేతులనే పరీక్షించుకొనిన మరియు మేలు.