పని తీరిన మూగజీవి – మన బాధ్యత

ఇటీవల ఓ సోదరుడు మా వద్దకు వచ్చి ఒక మస్అలా అడిగారు. ఆయనకు ఊరి బయట గొర్రెల మంద ఉంది. ఏడేళ్ళుగా మందకు కాపలా ఒక ఆడకుక్క. ఇప్పటికి నాలుగు ఈతలు ఈనింది. దాని పిల్లలను చుట్టుపక్కల మందలవారు, తోటలవారు అడిగి మరీ పట్టుకెళ్ళారు. నాలుగో ఈతలో అది చావు తప్పి బతికింది. ఇక దీన్ని ఈననివ్వవద్దని పశువైద్యుడు గట్టిగా చెప్పాడు. పరుగు కూడా తగ్గింది. ఓ మామిడితోట యజమాని దాన్ని ఇవ్వమంటున్నారు. ఇంట్లో పిల్లలు ఏడుస్తున్నారు. ఈలోగా ఊళ్ళో ఒక పెద్దాయన, ‘మందకు పనికిరాని కుక్కను ఉంచుకోవడం జాయిజ్ కాదు, సంత దగ్గర వదిలేసి రా’ అన్నారట.

“మౌల్వీ సాబ్! ఇన్నేళ్ళు రాత్రింబవళ్ళు కాపలా కాసిన జీవిని పంపించేస్తే అల్లాహ్ దగ్గర నేను కృతఘ్నుణ్ణి అవుతానా?” ఇదీ ఆయన ప్రశ్న.

ముందు ఆ పెద్దాయన మాట చూద్దాం. అందులో సగం నిజముంది. పశువుల కాపలాకు, వేటకు, పొలానికి తప్ప ఊరికే కుక్కను పెంచుకునేవారి పుణ్యం రోజురోజుకూ తరుగుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). కాబట్టి మన ఇళ్ళలో ముచ్చట కోసం కుక్కను పెంచడానికి ఆస్కారం లేదు. కానీ ఈ హదీసు కుక్కను తెచ్చి పెట్టుకోవడం గురించి చెబుతోంది. అవసరానికి తెచ్చుకుని, దాని జీవితమంతా వాడుకున్న తరువాత రోడ్డు మీద విడిచిపెట్టమని ఇందులో ఎక్కడుంది? దాహంతో మట్టి నాకుతున్న కుక్కకు బావిలోకి దిగి నీళ్ళు తెచ్చి తాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడని తెలిపింది కూడా ఆ ప్రవక్తే (స). ఒక హదీసును సాకుగా పట్టుకుని మరో హదీసును మరచిపోవడం మనలో చాలామందికి అలవాటైపోయింది.

మూగజీవికి కృతజ్ఞత ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ఇమ్రాన్ బిన్ హుసైన్ (ర) ఉల్లేఖించిన ఒక సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. శత్రువుల చేతికి చిక్కిన ఒక అన్సారీ మహిళ, వాళ్ళు ఎత్తుకుపోయిన దైవప్రవక్త (స) గారి ఒంటె ‘అజ్బా’ పైనే ఎక్కి తప్పించుకుని మదీనా చేరింది. అల్లాహ్ తనను కాపాడితే ఆ ఒంటెనే జిబహ్ చేస్తానని దారిలో మొక్కుకుంది. ఆ సంగతి విని దైవప్రవక్త (స), ఆమె దానికి ఎంత చెడ్డ ప్రతిఫలం ఇవ్వబోయిందని ఆశ్చర్యపోయారు. తనది కాని వస్తువుపై మొక్కు చెల్లదని తీర్పు కూడా చెప్పారు. అయితే తీర్పుకన్నా ముందు ఆయన నోట వచ్చింది ఒంటెకు దక్కవలసిన ప్రతిఫలం మాట. దీన్ని మనం గమనించాలి.

హిజ్రీ 660లో కైరోలో మరణించిన ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మలై) మనిషిపై పశువులకు ఉన్న హక్కులను వివరిస్తూ, ముసలిదై గానీ జబ్బుపడి గానీ ఎందుకూ పనికిరాకుండా పోయినా దాని పోషణ యజమానిదేనని రాశారు. మన హనఫీ గ్రంథం ‘హిదాయా’ ప్రకారం, పశువును పోషించకపోతే ఖాజీ బలవంతపెట్టకపోయినా అల్లాహ్ ముందు మనిషి బాధ్యుడే. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) గారైతే బలవంతపెట్టాలనే అన్నారు. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో పశువును వదిలేయడం మన దేశంలో 1960 నాటి చట్టం ప్రకారం కూడా నేరమే. కనుక సంత దగ్గర వదలడమన్న మాటే లేదు.

ఇక మామిడితోట సంగతి. తోట కాపలా కూడా హదీసులో అనుమతి ఉన్న పనే. మంద వెంట పరుగెత్తలేనిది గేటు దగ్గర కూర్చుని మొరగగలదు. అక్కడ కడుపు నిండుతుందంటే పంపడం కృతఘ్నత కాదు. పైగా ఈ సోదరుడి మందకు రేపు మరో కుక్క వస్తుంది. ముసలిది దాని మధ్య నలిగిపోతుంది. పిల్లల కన్నీళ్ళు మాకు అర్థమవుతాయి. అయితే అవి దాని కోసమా, మన కోసమా అని ఒకసారి అడిగి చూసుకోవాలి.

కానీ పంపినంత మాత్రాన చేయి దులుపుకోవడానికి వీల్లేదు. తీసుకునే వ్యక్తి దాన్ని మళ్ళీ ఈనించి పిల్లలను అమ్ముకుందామని చూస్తున్నాడేమో కనుక్కోవాలి. మాట తీసుకుంటే చాలదు. పశువైద్యుని చేత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాకే ఇవ్వడం మంచిది. ప్రయోజనం ఉన్నప్పుడు హనఫీ ధర్మవేత్తలు దీనికి అనుమతించారు. డబ్బు తీసుకోవద్దు. పనికొచ్చే కుక్కను అమ్మవచ్చని మన ఇమాములు అన్నప్పటికీ, కుక్క వెలను వారిస్తూ హదీసు ఉంది. ఇన్నేళ్ళు సేవ చేసినదాని మీద చివరి బేరం ఎందుకు? అక్కడ కుదరకపోతే తిరిగి తెచ్చుకుంటానని ముందే చెప్పాలి. తెచ్చుకుంటే ఇంట్లో కాదు, దొడ్డి దగ్గరే ఉంచి అన్నం పెట్టాలి. అప్పుడు పుణ్యం తరుగుతుందన్న భయం అక్కర్లేదని మా అభిప్రాయం. వల్లాహు ఆలమ్.

మొన్న ఆ సోదరుడు మళ్ళీ కలిశారు. ఆపరేషన్ చేయించి, నెల తరువాత తోటలో అప్పగించి వచ్చారట. మొదటి రెండు రోజులు అది అన్నం ముట్టలేదట. మూడో రోజు చిన్న కూతురు తన చేత్తో గిన్నె పెడితే తిన్నదట. ఇప్పుడు ప్రతి జుమా నమాజు తరువాత తండ్రీ కూతుళ్ళు ఆ తోటకు వెళ్ళి వస్తున్నారు.