రేడియేటర్ నీళ్లు ఎక్కడ పోయాలి

తెలియక చేసిన పాపం తగలదని మా ఉరవకొండ వైపు పెద్దలు అంటుంటారు. నేను ఒప్పుకోను. మొన్న ఎండాకాలం నా మారుతి 800 రేడియేటర్ ఇంటి దగ్గరే విప్పినప్పుడు ఆ మాట మళ్లీ గుర్తుకొచ్చింది.

విప్పడం పెద్ద విద్యేం కాదు. ఇంజను పూర్తిగా చల్లారాలి. వేడి మీద లోపలి నీళ్లు ఒత్తిడిలో ఉండి నూరు డిగ్రీలు దాటినా మరగవు. మూత తిప్పగానే ముఖం మీదికి చిమ్ముతాయి. బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయాలి, కొన్ని బండ్లలో తాళం తీసినా ఫ్యాను తిరుగుతుంది. ఏసీ పైపుల జోలికి పోకూడదు. కింద వెడల్పాటి టబ్బు పెట్టి, కింది గొట్టం క్లిప్పు వదులు చేస్తే కూలెంటు ఆకుపచ్చగా దిగుతుంది.

"యాడన్నా పారబోస్తే సరిపాయె మామా, భూమి తాగేస్తుంది" అన్నాడు మేనల్లుడు.

కూలెంటులో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. తియ్యగా ఉంటుంది. కొంచెం తాగినా కుక్కకు మూత్రపిండాలు చెడి ప్రాణం పోతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని మా వైపు, మే నెలలో, గుంతలో తడి కనిపిస్తే ఏ కుక్క వదులుతుంది?

మాకు దగ్గర్లోని కొనకొండ్ల, జైన ఆచార్యుడు కుందకుందాచార్యుల ఊరని జైనులు నమ్ముతారు. అక్కడి గుట్ట మీద తీర్థంకరుల శిల్పాలున్నాయి. ఇలాంటి పాపం గురించి తన ప్రవచనసారం గ్రంథంలో ఆయన తీర్పు కఠినమైనది: జీవి చచ్చినా బతికినా, అజాగ్రత్తగా నడుచుకున్నవాడికి హింసాదోషం తప్పదు. అంటే నేను పారబోసిన నీళ్లు ఏ కుక్కా తాగకపోయినా నా లెక్కలో హింస పడిపోయినట్టే. జైనమునులు పాటించే ఐదు సమితుల్లో, అంటే జాగ్రత్త నియమాల్లో, ఒకటి కేవలం దీని గురించే, వదిలేసే మలినాన్ని జీవులకు హాని కలగని చోట వదలడం.

జాగ్రత్తపరుడికి హింస జరిగినా కర్మబంధం అంటదని కూడా ఆయనే అన్నాడు. ఆ ఊరట మునులది. కారు నడిపే నేను దాన్ని అంత తేలిగ్గా వాడుకోలేను.

అందుకే కూలెంటును గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి 'విషం' అని రాశాను. తాగునీళ్ల సీసాలో పోస్తే పిల్లలు తాగేస్తారు. చిందిన చోట ఇసుక చల్లి, ఆ ఇసుకా ఎత్తాను. డబ్బాను మెకానిక్ షెడ్డులో ఇద్దామనుకున్నాను.

"షెడ్డోళ్లకిస్తే వాళ్లు పారబొయ్యరా?" అన్నాడు మేనల్లుడు. సరైన ప్రశ్న. డబ్బా దించే ముందు దాన్ని ఏం చేస్తారో అడగాలి; జవాబు సరిగ్గా లేకపోతే ఇంకో షెడ్డుకు పోవాలి.