కుంచంతో కొలిచిన ఊపిరి

మా ఉయ్యూరు కళ్లాల్లో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనేవారు కాదు, లాభం అనేవారు. నాన్న పంచె ఎగ్గట్టి రాశి ముందు గొంతుక్కూర్చుని, కుంచం నింపి గోనెలో పోస్తూ "లాభం" అనేవాడు. మాట అక్కడితో ఆగేది కాదు. మళ్లీ కుంచం నిండేదాకా, గింజల్లో కనిపించిన తాలునీ మట్టిబెడ్డల్నీ ఎడమచేత్తో ఏరి పారేస్తూ "లాభం, లాభం" అంటూనే ఉండేవాడు. రెండో కుంచం గోనెలో పడ్డాకే "రెండు". మధ్యలో ఎవరు పలకరించినా తల తిప్పేవాడు కాదు. అన్నిసార్లు ఎందుకని ఒకసారి అడిగాను. "అంకె నోట్లోంచి జారితే చేతిలో లెక్కా జారుద్దిరా" అన్నాడు.

నిద్ర పట్టని ఒక ఏడాది, నలభై దాటాక, ఏలూరు దగ్గర విజయరాయిలో విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్లాను. పది రోజులు. తెల్లవారుజామున నాలుగింటికి గంట మోగుతుంది. శిబిరం నడిపే గురువుగారితో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదు, చదవకూడదు, రాయకూడదు. సత్యనారాయణ గోయెంకా గారు 1969లో బర్మా నుంచి తీసుకొచ్చిన పద్ధతి అది. మొదటి మూడు రోజులూ చేయాల్సింది ఒకటే: ముక్కు దగ్గర వచ్చే గాలినీ పోయే గాలినీ గమనించడం. జపం వద్దు, రూపం వద్దు, లెక్క కూడా వద్దు.

నా మనసు నాలుగు ఊపిర్లు కూడా నిలవలేదు. బాకీలు, పాత తగాదాలు, ఎప్పుడో నేను అనాల్సి ఉండీ అనని మాటలు. మూడో రోజు మధ్యాహ్నం, మోకాళ్లు మండుతుండగా, లోపల ఎవరో "లాభం, లాభం" అనడం వినిపించింది. నాన్న గొంతే. ఊపిరి లోపలికి వస్తున్నంతసేపూ అదే మాట, బయటికి పోయాక "రెండు". చాన్నాళ్ల తర్వాత నా భుజాలు వాటంతట అవే దిగాయి. గురువుగారికి చెబితే, మాటను పట్టుకోవద్దని, శ్వాసనే చూడమని మెల్లగా చెప్పారు. ఆ పద్ధతిలో అది సరైన మాటే. అయినా నాకు ఆ లెక్క తప్పని తోచలేదు.

తర్వాత కొన్నేళ్లకు విశుద్ధిమార్గం చేతికొచ్చింది. అయిదో శతాబ్దంలో బుద్ధఘోషుడు సింహళంలోని అనురాధపురంలో కూర్చుని పాళీలో రాసిన గ్రంథం. ఆయన సొంతూరు మన గుంటూరు ప్రాంతమేనని కొందరు పండితులు అంటారు. ధ్యానానికి నలభై ఆలంబనలు చెప్పాడాయన. శ్వాస దగ్గరికొచ్చేసరికి, మొదలుపెట్టేవాడు ధాన్యం కొలిచేవాడిలా నెమ్మదిగా లెక్కపెట్టాలన్నాడు. కొలిచేవాడు కుంచం పోసి ఒకటి అంటాడట, మళ్లీ నింపుతూ, కనబడ్డ చెత్త తీసేస్తూ ఒకటి, ఒకటి అంటూనే ఉంటాడట. ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. పదిహేను వందల ఏళ్ల కిందట ఒక భిక్షువు ఏదో కళ్లం గట్టున నిలబడి మా నాన్నలాంటివాణ్ని చూశాడు.

లెక్క అయిదుకు తగ్గకూడదు, పది దాటకూడదు అని కూడా అన్నాడాయన. తగ్గితే ఇరుకు దొడ్డిలో పశువుల్లా మనసు కుమ్ములాడుతుంది. దాటితే ఊపిరిని వదిలేసి అంకెనే పట్టుకుంటుంది. నెమ్మది లెక్క కుదిరాక, దొడ్డి గుమ్మం దగ్గర ఆవుల్ని లెక్కించే కాపరిలా చకచకా లెక్కపెట్టాలి. ఆపైన లెక్కే వదిలేయాలి. విజయరాయిలో గురువుగారు చెప్పింది ఆ చివరి మెట్టు. నాకు మొదటి మెట్టు కావలసి వచ్చింది, అంతే.

శరీరం, మనసు, ఆత్మ అని ఒకే ఇంట్లో మూడు వాటాల్లా చెబుతాం. ఆ గోడలు ఎక్కడున్నాయో కూర్చుని చూస్తే నాకు దొరకలేదు. కోపం వచ్చిందని నాకు తెలిసేలోపే ఊపిరి పొట్టిదవుతుంది, పొట్టలో వేడి పుడుతుంది. గాలి పీల్చినప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలినప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుందని వైద్యులు చెబుతారు. 2001లో ఇటలీ వైద్యుడు లూచియానో బెర్నార్డీ బృందం, క్రైస్తవుల జపమాల ప్రార్థననీ బౌద్ధుల ఓం మణిపద్మే హుం జపాన్నీ పరీక్షించి, రెండిట్లోనూ ఊపిరి నిమిషానికి సుమారు ఆరుకు దిగిందని ప్రకటించింది. మన యోగశాస్త్రం రోజుకు 21,600 శ్వాసలని లెక్కగట్టి, జపించకుండానే జరిగే ఆ జపానికి అజప అని పేరు పెట్టింది. ఆత్మ ఉందని ఉపనిషత్తులు, లేదని బౌద్ధులు. ఆ వాదం తేల్చేంతటివాణ్ని కాను. ఊపిరి వదిలాక, మళ్లీ తీసుకునేలోపు ఒక చిన్న ఖాళీ ఉంటుంది. అక్కడ నేనన్నవాణ్ని నాకు కనబడను, భయమూ వేయదు.

మాఘంలో మా వీరమ్మతల్లి తిరునాళ్లలో ఆడవాళ్లు గండదీపం నెత్తిన పెట్టుకుని నడుస్తారు. మెడ కదలదు, అడుగు తడబడదు, చుట్టూ అంత రొదలోనూ వాళ్ల ముఖం నిశ్చలంగా ఉంటుంది. మొక్కు అంటారు తప్ప ధ్యానమని వాళ్లెవరూ అనగా వినలేదు. నేను చూసిన గాఢమైన ఏకాగ్రతల్లో అదొకటి.

నాన్న మంచం పట్టింది ఆ తిరునాళ్ల రోజుల్లోనే. కిటికీలోంచి డప్పుల మోత, చక్కెర ఫ్యాక్టరీ నుంచి మడ్డి వాసన. రాత్రి పొద్దుపోయాక ఆయన ఊపిరి మారింది. నాలుగైదు గబగబా, ఆ తర్వాత పెద్ద ఖాళీ. మిగతావాళ్లు నడుం వాల్చారు. నేను ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి, నా ఊపిరిని ఆయన ఊపిరితో కలుపుకోవాలని చూశాను. చెయ్యి కింద ఛాతీ లేచింది.

"ఒకటి" అన్నాను, పైకే అనేశానేమో.

కళ్లు తెరవలేదు. పెదాలు కదిలాయి. "లాభం అనాలిరా."

"లాభం" అన్నాను. ఛాతీ దిగింది. రెండోది వచ్చేదాకా లాభం, లాభం అంటూనే ఉన్నాను.