తెలియదని చెప్పే హక్కు

మన పాఠశాలల్లో సైన్సు చదువు ఎందుకు ఎదగడం లేదని ఎవరినడిగినా ఒకటే సమాధానం వస్తుంది: సామగ్రి లేదు. ప్రయోగశాల లేదు, ప్రయోగశాల ఉన్నచోట పరికరాలు లేవు, పరికరాలున్నచోట రసాయనాలు లేవు. ఉపాధ్యాయ సంఘాల తీర్మానాల్లోనూ ఈ మాట ఉంటుంది, ప్రభుత్వ నివేదికల్లోనూ ఉంటుంది. ఇరుపక్షాలూ ఇంత తేలికగా ఏకీభవించే విషయాన్ని కొంచెం అనుమానించడం మంచిది. సామగ్రి కొరత అబద్ధమని నేననడం లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్ళకు పైగా సైన్సు చెప్పినవాణ్ణి. ఆ కొరత ఎలాంటిదో నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. కాని సామగ్రి అంటే ఏమిటి? వస్తువా, లేక వస్తువుకూ మనిషికీ మధ్య ఉండే సంబంధమా? ఈ ప్రశ్న వేసుకోకుండా జాబితాలు రాసుకుంటూ పోవడం వల్ల మనం ఒక నైతిక సమస్యను కొనుగోలు సమస్యగా మార్చుకున్నాం.

బీరువా సంగతి తీసుకుందాం. పాత ఉన్నత పాఠశాలల్లో సైన్సు గదిలో ఒక మూల ఇనప బీరువా ఉంటుంది. అందులో వస్తువులుంటాయి: బ్యూరెట్లు, కటకాలు, ఒక గాల్వనామీటరు, అట్టపెట్టె కూడా విప్పని పరీక్షనాళికలు. అన్నీ స్టాకు రిజిస్టరులో ఎక్కి ఉంటాయి. ఏడాదికోసారి లెక్క చూస్తారు. లెక్క కుదిరితే అంతా బాగున్నట్టే. నేను పనిచేసిన ఒక బడిలో పిల్లల చేతుల్లో రెండు బ్యూరెట్లు పగిలితే ఖరీదు కట్టమని నాకు మెమో వచ్చింది. కట్టాను, పెద్ద మొత్తమేమీ కాదు. ఆ సంవత్సరమంతా బీరువా తలుపు తీయని నా సహోపాధ్యాయుడికి ఏ మెమో రాలేదు. ఆయన లెక్క కుదిరింది.

ఆయన్ని తప్పుపట్టడానికి ఇందులో ఏమీ లేదు. జీతం మీద బతికే మనిషి పైవాళ్ళు అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతాడు. గాజు పగిలిందా అని పైవాళ్ళు అడుగుతారు. గొట్టంలో నీళ్ళు అంచు దగ్గర ఎందుకు పైకి పాకాయని ఏ గుంటడైనా అడిగాడా లేదా అన్నది ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. శ్రమసాధనాలు శ్రామికుడికి పరాయివి కావడం గురించి మనం మిల్లుల విషయంలో, గనుల విషయంలో ఎంతో మాట్లాడాం. బడిలో బీరువా తాళం దగ్గరికి వచ్చేసరికి అది కార్యాలయ నిర్వహణ సమస్య అయి కూర్చుంటుంది.

దీనికి విరుగుడుగా కొందరు చవక పరికరాల మార్గం చూపిస్తారు. పారేసిన డబ్బాలు, సైకిలు ట్యూబు వాల్వులు, సెలైన్ గొట్టాలు ఉంటే సైన్సు చెప్పవచ్చునంటారు. చెప్పవచ్చును, సందేహం లేదు. ఆ మార్గానికి గౌరవనీయమైన చరిత్ర కూడా ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో బడులు నేలమట్టమైన దేశాల ఉపాధ్యాయుల కోసం జె. పి. స్టీఫెన్‌సన్ రాసిన చిన్న పుస్తకమే పెరిగి 1956లో యునెస్కో వారి సైన్సు బోధన ఆకర గ్రంథమయింది. దొరికిన వస్తువుతో పరికరం ఎలా చేసుకోవాలో అది ప్రపంచానికి నేర్పింది. కాని బాంబులు పడిన దేశానికి తాత్కాలికంగా ఇచ్చిన సలహాను అలా నేలమట్టం కాని దేశపు పేదపిల్లలకు శాశ్వత ఏర్పాటుగా ఇవ్వడంలోని న్యాయం నాకు బోధపడదు. విశాఖపట్నంలో లక్షలు ఫీజు కట్టే పిల్లవాడికి సూక్ష్మదర్శిని, మందసలో జీడిపిక్కలు వొలిచే తల్లి కొడుకుకి నీటిబొట్టు కటకం! నీటిబొట్టు కటకం అద్భుతమైనదే. అయితే అది ఇద్దరికీ ఉండాలి, సూక్ష్మదర్శినీ ఇద్దరికీ ఉండాలి.

సరే, వస్తువులు వచ్చాయనుకుందాం. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ, ఉపాధ్యాయులకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులు పంచింది. అందులో బైజూస్ కంపెనీ తయారుచేసిన పాఠాలు పెట్టారు. రెండేళ్ళు తిరగకుండానే, 2024లో, ఆ కంపెనీ దివాలా విచారణలో పడింది. కంపెనీ నిలబడిందా పడిపోయిందా అన్నది నాకు ముఖ్యం కాదు. పాఠం ఎక్కడో తయారై వస్తుంది, ఉపాధ్యాయుడు దాన్ని పిల్లల ముందు తెరుస్తాడు అన్న ఊహే నాకు ముఖ్యం. బీరువాలో ఉపాధ్యాయుడు కాపలాదారు, ట్యాబు దగ్గర తలుపు తీసే మనిషి. జ్ఞానం ఈ రెండు చోట్లా అతనిది కాదు.

శిక్షణ సంగతీ అంతే. రాష్ట్రస్థాయిలో కొందరికి చెబుతారు, వారు జిల్లాలో కొందరికి చెబుతారు, వారు మండలంలో అందరికీ చెబుతారు. మెట్టుమెట్టుకూ నీళ్ళు కలిసిన పాలలాగా చివరి మెట్టుకు చేరేసరికి రంగు మాత్రం మిగులుతుంది. అయినా పలచబడటం ఇందులో అసలు దోషం కాదు. చిక్కగా వచ్చినా దోషం దోషమే. 1845లో మార్క్సు ఫాయర్‌బాఖ్ మీద రాసుకున్న సూత్రాలు మన పాఠకులకు తెలిసినవే. వాటిలో మూడవది పరిస్థితులూ చదువే మనిషిని తయారుచేస్తాయనే పాత భౌతికవాదాన్ని నిలదీస్తుంది. చదువు చెప్పేవాణ్ణి ఎవరు చదివించాలి? ఈ సంగతి మరిచిన సిద్ధాంతం సమాజాన్ని రెండుగా చీలుస్తుంది. ఒక భాగాన్ని మిగతావారి పైన కూర్చోబెడుతుంది. మన శిక్షణ తరగతుల నిర్మాణమంతా ఈ చీలికే. పైన తెలిసినవారు, కింద తెలుసుకోవలసినవారు. తెలుసుకోవలసినవాడు బడికి తిరిగి వచ్చి పిల్లల ముందు తెలిసినవాడి వేషం కడతాడు. ఆ వేషానికి ఒక నియమం ఉంది: తెలియదని అనరాదు.

తెలియదని అనలేనివాడు చరిత్ర చెప్పగలడేమో, వ్యాకరణం చెప్పగలడేమో నాకు అనుమానమే. సైన్సు మాత్రం చెప్పలేడు. ఇది నీతిబోధ కాదు, ఉద్దానంలో రోజూ ఎదురయ్యే విషయం.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు: కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా ఉండే నేల. అక్కడ మూత్రపిండాల జబ్బు ఎందరిని తీసుకుపోయిందో ఆ ఊళ్ళకు తెలుసు. మధుమేహమూ రక్తపోటూ లేనివాళ్ళకు, పొలంలో కష్టం చేసేవాళ్ళకు, నడివయసులోనే వస్తుంది. కారణం వెతికినవారు భూగర్భజలంలోని సిలికాను అనుమానించారు, లోహాలను, పురుగుమందులను, ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోవడాన్ని, నొప్పి మాత్రలను, వంశాన్ని అనుమానించారు. ఇదీ కారణమని ఇంతవరకు నిశ్చయంగా తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరిరైతులకు, నికరాగ్వా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కోసే కూలీలకు ఇటువంటి జబ్బే వస్తోంది. అక్కడా చర్చ ముగియలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం, హిరమండలం జలాశయం నుంచి మంచినీటి పథకం ప్రారంభమయ్యాయి. నీరు రావడం మంచిదే. అయితే కారణం తెలిసినందువల్ల వచ్చిన నీరు కాదది, కారణం నీరే కావచ్చునన్న జాగ్రత్త వల్ల వచ్చినది.

ఇప్పుడు పదో తరగతిలో విసర్జన పాఠం వస్తుంది. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు పది లక్షల వృక్కనాళికలుంటాయి, బొమ్మ గీసి భాగాలు గుర్తించండి. ఆ పల్లెల్లో క్రియాటినిన్ అన్న మాట పాఠం కన్న ముందే పిల్లల చెవిన పడుతుంది. ఒక అమ్మాయి లేచి అడిగింది: "మేష్టారూ, మా నాన్నకి డయాలసిస్ చేయిస్తన్నారండి. మా ఊరి నీల్లల్లో ఏటుందండి?"

ఆ పిల్లకు ఏం చెప్పాలి? నీళ్ళలో విషముందని చెబితే అది నిర్ధారణ కాని మాట. పరీక్షకు రాదు, కూర్చోమంటే అది సైన్సును బడి నుంచి వెళ్ళగొట్టడం. నేను, ఎవరికీ ఇంకా తెలియదమ్మా అన్నాను. ఆ ఒక్క మాటతో ఊరుకుంటే అదీ మోసమే. తెలియదన్న తరువాత, తెలుసుకోవడానికి మనుషులు ఏం చేస్తున్నారు, ఒక్క ఊరి బావులనే చూస్తే ఎందుకు చాలదు, జబ్బు రాని ఊరినీ ఎందుకు చూడాలి, ఇదంతా చెప్పవలసి వచ్చింది. నియంత్రిత పరిశీలన అనే భావం పుస్తకంలో నాలుగు వాక్యాలు. ఆ తరగతిలో మూడు రోజులు పట్టింది. సిలబస్ వెనకబడిందని పర్యవేక్షణకు వచ్చిన అధికారి ఒకరు నా డైరీలో రాశారు.

ఆ మూడు రోజులకు నాకు కావలసిన సామగ్రి ఏమిటి? నీటి నమూనాలు పరీక్షించే కిట్టు ఉంటే బాగుండేది. అంతకన్న ఎక్కువగా, ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు తెలుగులో చదవడానికి వీలుగా ఉండాలి. పక్క మండలంలో ఇదే ప్రశ్న ఎదుర్కొన్న ఇంకొక ఉపాధ్యాయుడితో కూర్చుని మాట్లాడే రోజు ఒకటి ఉండాలి. సిలబస్ ఆగిందని అడిగే అధికారికి జవాబు చెప్పగల హోదా ఉండాలి. వీటిలో దేనికీ స్టాకు రిజిస్టరులో గడి లేదు.

ఉపాధ్యాయుడు ఇంత ఎదగడం మన దేశంలో సాధ్యమా అని అడిగేవారికి నేను దూరం చూపించను. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడి బడిలో చిన్న ఉపాధ్యాయుడిగా చేరాడు. ముఖలింగం గుడి శాసనాల లిపి తనంత తాను నేర్చుకొని చదివాడు. సవర భాష ఎవరూ రాయని రోజుల్లో ఆ భాష తెలిసినవారిని ఇంట పెట్టుకొని నేర్చుకొన్నాడు, సవర పిల్లలకు పుస్తకాలు తయారుచేశాడు. 1906 ప్రాంతంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొరకు, జనం మాట్లాడే తెలుగుకూ బడిలో నేర్పే తెలుగుకూ ఎందుకింత తేడా అన్న సందేహం కలిగింది. ఆ సందేహాన్ని గిడుగు, విజయనగరంలోని గురజాడ, విశాఖపట్నం కళాశాల ప్రిన్సిపాలు పి. టి. శ్రీనివాస అయ్యంగారు తమ సందేహంగా తీసుకొన్నారు. వ్యావహారిక భాషోద్యమాన్ని మనం సాహిత్య చరిత్రలో చదువుతాం. నిజానికి అది ఉపాధ్యాయుల ఉద్యమంగానే మొదలయింది. ఒక ఇన్‌స్పెక్టరు తనకు తెలియనిదాన్ని ఉపాధ్యాయులను అడిగాడు! ఆ తరువాత వందేళ్ళలో మన ఇన్‌స్పెక్టర్లు మనల్ని అడిగినవన్నీ వారికి సమాధానం ముందే తెలిసిన ప్రశ్నలు.

గిడుగు అసాధారణుడు, అందరూ గిడుగులు కాలేరు అనవచ్చును. నిజమే. అందుకే వ్యక్తి సంగతి వదిలి ఏర్పాటు సంగతి చూడాలి. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోశంగాబాద్ జిల్లాలో కిశోర్ భారతి, రసూలియా ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు పదహారు మాధ్యమిక పాఠశాలల్లో ప్రయోగాల ద్వారా సైన్సు చెప్పడం మొదలుపెట్టాయి. ప్రతి బడికీ కిట్టు ఇచ్చారు. పరికరాలు పగలడం ఖాయమని ముందే ఒప్పుకొని కొత్తవి ఇచ్చే ఏర్పాటు చేశారు. ఉపాధ్యాయులు నెలకోసారి కలిసేవారు. తరగతిలో కుదరని ప్రయోగం అక్కడ చర్చకు వచ్చేది, దాని ఫలితం పుస్తకంలోకి వెళ్ళేది. పరీక్షలు పుస్తకాలు తెరిచి రాసేవారు. విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు పల్లెటూరి మాష్టార్ల పక్కన కూర్చుని, తమకూ తెలియనిచోట తెలియదన్నారు. ఆ పని ఏకలవ్య సంస్థ చేతికి వచ్చి వందలాది బడులకు పాకింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపివేసింది. పరీక్షా ఫలితాల సాకు చెప్పారు. ముప్పై ఏళ్ళు నడిచినదాన్ని ఆపడానికి ఒక ఉత్తరువు చాలింది. దానివల్ల లాభపడిన పిల్లలకూ ఉపాధ్యాయులకూ ఆ ఉత్తరువును ఎదుర్కొనే బలం లేకపోయింది.

2020 జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడికీ ఏడాదికి 50 గంటల వృత్తి వికాసం ఉండాలంటుంది, అది అతని ఆసక్తిని బట్టి సాగాలనీ అంటుంది. గంటలు లెక్కకు వస్తాయి కాబట్టి అమలవుతాయి. ఆసక్తి లెక్కకు రాదు. ఉపాధ్యాయుడు ఫోనులో వీడియో నడిపించి పక్కన పెట్టి జవాబు పత్రాలు దిద్దుకుంటాడు, గంటలు పూర్తవుతాయి.

మన సంఘాల వైపు కూడా ఒక మాట. జీతాలకు, బదిలీలకు, పింఛనుకు పోరాడాయి. పోరాడకపోతే ఈ ఉద్యోగం ఇలా ఉండేది కాదు. కాని ఉపాధ్యాయుడి జ్ఞానాన్ని హక్కుల పత్రంలో ఎక్కడా చేర్చుకోలేదు. అది ప్రభుత్వం ఇవ్వవలసిన శిక్షణ అనుకున్నాం, లేదా ఎవరింట వారు చూసుకోవలసిన సొంత వ్యవహారం అనుకున్నాం. పగిలిన గాజుకు ఉపాధ్యాయుడు డబ్బు కట్టనక్కర్లేదన్న ఒక్క ఉత్తరువు కోసం ఏ ధర్నా చేశాం? కొఠారీ కమిషన్ 1966లోనే ఇరుగుపొరుగు బడులను కలిపి పాఠశాల సముదాయాలు పెట్టమంది. ఉపాధ్యాయులు ఒకరికొకరు తోడు కావాలన్నది దాని ఉద్దేశం. ఆ పేరుతో జరిగే సమావేశాల్లో ప్రొఫార్మాలు నింపడం ఎందుకయింది? ప్రయాణపు ఖర్చు ఇచ్చి, పిల్లల చదువు ఆగకుండా ఏర్పాటు చేసి, నెలకొక్క రోజు సైన్సు ఉపాధ్యాయులకు వదలండి. ఎజెండా వారే రాసుకుంటారు. కవిటిలో బావి నీళ్ళ గురించి రాస్తారేమో. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న సీతంపేటలో, సవర పిల్లవాడికి బాష్పీభవనం అన్న మాట ఏ భాషలో మొదలుపెట్టాలో రాస్తారేమో. అధికారులు రావచ్చు, వచ్చి బెంచీ మీద కూర్చోవచ్చు.