మనుమరాలి మోటార్ సైకిలు: ఒక ధర్మసందేహం

ధర్మసందేహం అనగానే మనకు కురుక్షేత్రమో, అరణ్యవాసమో జ్ఞప్తికి వస్తుంది. మా ఇంటికి వచ్చిన ధర్మసందేహం మాత్రం చిన్న మోటార్ సైకిలు వెంట వచ్చింది. దానిని ఈ పత్రిక చదివే కుటుంబాలతో పంచుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాము. మాది సాయంకాలపు తరగతులలో నేర్చుకున్న తెలుగు. మాటలు ఇంట విన్నవే గాని, అక్షరాలు ఉద్యోగవిరమణ తరువాత దిద్దుకున్నవి. దోషాలుంటే పెద్దలు మన్నింతురు గాక.

మేము మలేషియాలోని పేరాక్ రాష్ట్రంలో, బాగన్ దతో వైపు కొబ్బరితోటల నడుమ పెరిగినవారము. మనుమరాలి తల్లిదండ్రులు సింగపూర్‌లో ఉద్యోగాలు చేస్తున్నందున ఆ పిల్ల బాధ్యత మాది. ఆమెకు పద్దెనిమిదేళ్ళు నిండిన సంవత్సరం తెలుక్ ఇంతాన్ పట్టణంలో, ఒక దంతవైద్యుని వద్ద సహాయకురాలిగా పని దొరికింది. మా ఊరి బస్సు చీకటితో ఒకటి, మళ్ళీ బాగా పొద్దెక్కిన తరువాత ఒకటి. "తాతా, నాకు బండి కావాలి" అన్నది. కాదనడానికి మా వద్ద కారణం లేదు, భయం మాత్రం ఉంది. మా దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించేవారిలో సగానికి మించినవారు మోటార్ సైకిళ్ళ వారే.

బండి ఎంపిక త్వరగానే తేలింది. ఆమె చూపు వేగంగా పోయే కొత్త బండ్ల మీద ఉండగా, మా చూపు పాతకాలపు హోండా ఈఎక్స్5 మీద నిలిచింది. తోటలలో, చేపలరేవులలో, బడుల ముంగిట ఎక్కడ చూసినా అదే కనబడుతుంది. ఏ మూల చెడినా బాగుచేసేవారు దొరుకుతారు. కొత్తదాని ధర సుమారు ఐదువేల రింగిట్లు. డబ్బు మాది గనుక మా మాట నెగ్గింది. ఇది న్యాయమో కాదో వేరొక వ్యాసానికి విషయం.

లైసెన్సు సంగతి అంత సులభంగా తేలలేదు. ఇక్కడ పదహారేళ్ళు నిండినవారు మోటార్ సైకిలు లైసెన్సు కోరవచ్చును. ముందుగా కంప్యూటరు మీద రోడ్డు నియమాల పరీక్ష. యాభై ప్రశ్నలకు కనీసం నలభై రెండు సరిగా చెప్పాలి. మా పిల్ల నలభై ఏడు చెప్పింది. తరువాత ఎల్ అక్షరంతో అభ్యాసం, ఆపైన మైదానంలో పరీక్ష. ఆ మైదానంలో ఎనిమిది అంకె ఆకారంలో తిరగాలి, వరుసగా నిలిపిన శంకువుల నడుమ వంకరగా పోవాలి, సన్నని ఎత్తైన పలక మీదుగా బండిని నిదానంగా నడపాలి. ఆ పలకను మలయ్ భాషలో తితి అంటారు, చిన్న వంతెన అని అర్థం. చక్రం పలక మీద నుండి జారినా, కాలు నేలకు ఆనినా ఆ పరీక్ష పోయినట్టే.

మనుమరాలి చక్రం సగం దూరంలో జారింది.

ఆ సాయంకాలం, నేర్పించే బడి చుట్టూ తిరిగే మధ్యవర్తి ఒకరు మా ఇంటికి వచ్చి ఎంతో మర్యాదగా మాట్లాడారు. మరి మూడువందల రింగిట్లు ఇస్తే వచ్చేసారి చక్రం ఎటు పోయినా కాగితం వస్తుందన్నారు. "మాస్టారూ, రోడ్డు మీద పలకలెక్కడున్నాయి? ఇదంతా లాంఛనం" అన్నారు. ఆయన వెళ్ళిన తరువాత మేము, అంటే ముప్పై ఏళ్ళు లెక్కలు బోధించి వేలమంది పిల్లలకు నిజాయితీ గురించి చెప్పినవారము, ఆ డబ్బు కవరులో పెట్టి దేవుని పటం వెనుక ఉంచాము. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం ఆ కవరే.

ఆ రాత్రి మాకు మేము చెప్పుకున్న వాదాలు దాచకుండా వ్రాస్తాము. పిల్ల బండి బాగానే నడుపుతుంది. పని చేజారితే మళ్ళీ దొరకదు. అందరూ చేసేదే. ఇందులో ఎవరి సొమ్మూ దొంగిలించడం లేదు, మన సొమ్ము మనం ఇస్తున్నాము. ఎవరికి నష్టం?

ఈ చివరి ప్రశ్న దగ్గర మాకు అన్నయ్య గుర్తుకు వచ్చాడు. 1974లో అన్నయ్య పాత హోండా సీ70 ఒకటి కొన్నాడు. తోటలో యంత్రవాహనం కొన్న మొదటి తెలుగు యువకులలో అతడు ఒకడు గనుక అమ్మ గుమ్మడికాయతో దిష్టి తీసింది. లైసెన్సు లేదు, బీమా లేదు. "నాకు నడపడం వచ్చు, కాగితం ఎందుకు?" అనేవాడు. నిజంగానే వచ్చు. అంతకు ముందు ఏడాదే హెల్మెట్ తప్పనిసరి అయినందున తలకు హెల్మెట్ కూడా ఉండేది. ఒక మునిమాపు వేళ, కాలువ మలుపు దగ్గర, సైకిలు మీద కొబ్బరికాయలు కట్టుకొని ఇంటికి పోతున్న ఒక మలయ్ వృద్ధుని ఢీకొన్నాడు. అన్నయ్యకు మోచేయి గీరుకున్నది. ఆ వృద్ధుని కాలు మరి సరిగా కుదరలేదు. మా నాన్న తన కూలిలో నుండి మూడేళ్ళు నెలనెలా ఆ ఇంటికి డబ్బు ఇచ్చి వచ్చాడు. అమ్మ గాజులు కూడా ఆ దారినే పోయాయి. ఆ పెద్దాయన మమ్ములను ఏనాడూ ఒక మాట అనలేదు. దీపావళికి మేము పంపే మిఠాయి పుచ్చుకొని, హరిరాయ పండుగకు తామూ పంపేవారు. ఆయన అనకపోవడమే నాన్నకు ఎక్కువ బరువైనదని ఇప్పుడు తోస్తున్నది.

హెల్మెట్ అన్నయ్యను కాపాడింది. ఆ వృద్ధుని కాపాడవలసినది ఏది? అన్నయ్యకు బండి వచ్చునా రాదా అని, అన్నయ్యకు ఏమీ కాని మూడో మనిషి ఒకరు ముందే పరీక్షించి ఉండవలసినది. రోడ్డు మీద మనకు ఎదురయ్యేవారెవరూ మనలను ఎరుగరు, మన మంచితనం ఎరుగరు. అయినా మలుపు తిరిగేటప్పుడు మనలను నమ్ముతారు. ఆ నమ్మకానికి ఎవరో ఒకరు పూచీ పడాలి. లైసెన్సును మనం అనుమతిపత్రమని అనువదిస్తాము. మాకైతే పూచీకత్తు అనే మాట దగ్గరగా ఉన్నదనిపిస్తుంది. దానిని కొనుక్కుంటే నష్టపోయేవాడు బేరం జరిగిన గదిలో ఉండడు. అందుకే ఎవరికీ నష్టం లేదనిపిస్తుంది.

మరొక కాగితం కూడా ఆ రాత్రి మనసులో మెదిలింది. మా ముత్తాత విశాఖపట్నం వైపు నుండి ఒప్పందపు కూలీగా ఈ దేశానికి వచ్చాడు. చదవడం రాని కాగితం మీద నిశానీ పెట్టాడని, మనుషులను పోగుచేసేవాడు చెప్పిన కూలి ఒకటి, తోటలో ముట్టినది ఒకటి అని ఇంట చెప్పుకునేవారు. గడువు తీరకముందు తోట విడిచిపోతే ఆనాడు అది నేరం. మలయాలో ఆ ఒప్పందపు పద్ధతి 1910లో రద్దయినది. కంగాణీలు ఊళ్ళకు పోయి మనుషులను తెచ్చే పద్ధతి ఆ తరువాత కూడా సాగింది. ఒక కాగితం మీద ఉన్నది ఒకటి, జరిగినది ఒకటి కావడం వల్ల నలిగిన వంశం మాది. అయితే పోలికను మరీ సాగదీయరాదు. ముత్తాతను ఆ కాగితమే మోసగించింది. మేము కొనబోయిన కాగితం మా పిల్లను మోసగించదు, ఆమెకు ఎదురయ్యేవారిని మోసగిస్తుంది. అంటే ఈసారి కాగితం వ్రాయించేవారి వైపు మేము నిలబడబోయాము.

భారతకథలో ధర్మరాజు రథం నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున నడిచేదట. అశ్వత్థామ పేరు మీద ద్రోణునితో ఆ అర్ధసత్యం పలికిన తరువాత దాని చక్రాలు అందరి చక్రాల వలెనే నేలను తాకాయి. సాయంకాలపు తరగతిలో ఈ కథ చెప్పినప్పుడల్లా పిల్లలు ఒకటే అడుగుతారు: "యుద్ధం గెలవడానికే కదా అన్నాడు?" అవును, కారణం పెద్దదే. ద్రోణుడు నిలిచి ఉంటే పాండవసేన మిగిలేది కాదేమో. అంత పెద్ద కారణం ఉన్నవాని రథమే దిగింది. మా కారణం ఒక బస్సు వేళ.

ఇక్కడ మా లెక్క కూడా ఒకటి ఒప్పుకోవాలి. ఒకప్పుడు మూడు మార్కులు తక్కువైన ఒక బాలునికి, తండ్రి పోయిన ఏడాది గదా అని, ఆ మూడూ కలిపాము. దానికి నేటికీ పశ్చాత్తాపం లేదు. మరి రెంటికీ భేదమేమిటి? డబ్బు చేతులు మారకపోవడం ఒక్కటే భేదమంటే అది చాలదు. ఆ మార్కులను నమ్మి ప్రాణాలు ఒప్పగించేవారు లేరన్నది మా సమాధానం. ఆ బాలుడు వంతెనలు కట్టే ఇంజనీరు కాలేదు గనుక బ్రతికిపోయాము. అయి ఉంటే ఈ సమాధానం నిలిచేదా అన్నది చదువరులే తేల్చాలి.

ఉదయం మనుమరాలికి అంతా చెప్పాము. సంతోషిస్తుందనుకున్నాము. ఆమె కాఫీ తాగుతూ కొంతసేపు ఊరుకుంది. "కాగితం వస్తుంది తాతా. ఆ పలక మీద నాకు భయం వేసింది కదా, అది ఎక్కడికి పోతుంది?" అన్నది. మేము రాత్రంతా తిరిగిన చోటికి పిల్ల ఒక్క మాటలో వచ్చింది. అయితే ఆమె తన భయం గురించి అడిగింది, మేము ఎదుటివారి గురించి ఆలోచించాము. రెండూ ఒకటేనని తరువాత తెలిసింది.

రోడ్డు మీద పలకలు లేవన్న మధ్యవర్తి మాట మా ప్రాంతంలో నిజం కాదు. తోటలనిండా నీటికాలువలే. మా చిన్నతనంలో వాటిమీద కొబ్బరిమానులే వంతెనలు. నాన్న నెత్తిన బరువుతో దాటేటప్పుడు కాళ్ళవైపు చూడవద్దు, అవతలి గట్టు చూడు అనేవాడు. పెరటిలో ఒక పలక వేసి మనుమరాలికి అదే చెప్పాము. ముందుచక్రం వైపు చూస్తే చక్రం వణుకుతుంది. చూపు పలక చివర ఉంచి, యాక్సిలరేటర్ సమంగా పట్టి, వెనుక బ్రేకును సుతారంగా తొక్కితే బండి నిలకడగా పోతుంది. మొదటి వారం మా బంతిచెట్లు చాలా పోయాయి.

రెండోసారి కూడా తప్పింది, పలక మీద కాదు, మలుపులో సూచన ఇవ్వడం మరచిపోయి. మూడోసారి గెలిచింది. మళ్ళీ మళ్ళీ కట్టిన రుసుములు, రెండు నెలలు చీకటి బస్సు, ఆలస్యానికి దంతవైద్యుని మందలింపులు, అన్నీ కలిపితే మూడువందల రింగిట్లకు మించినదే ఖర్చయింది. మాకు ఆ స్తోమత ఉన్నది. లేనివారి ఇళ్ళలో ఈ తర్కం ఇంత తీరికగా సాగదు. ఒక్క నెల జీతం ఆగితే పొయ్యి వెలగని ఇంట కవరు పటం వెనుక నుండి వెంటనే బయటికి వస్తుంది. వారిని తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. తక్కువ ఆదాయం గల యువతకు ప్రభుత్వ సహాయంతో బీ2 లైసెన్సు ఇప్పించే మైలెసెన్ అనే పథకం వచ్చినప్పుడు, తరగతికి వచ్చే ఇద్దరు కుర్రవాళ్ళకు దరఖాస్తు నింపిపెట్టాము. చేయగలిగినది అంతే.

కవరులోని డబ్బుతో మంచి హెల్మెట్ ఒకటి, వానకోటు ఒకటి కొన్నాము.

ఇప్పుడు బండి ముందు వెనుకల పీ అక్షరం అంటించి ఉన్నది. కొత్త లైసెన్సుకు రెండేళ్ళు ఆ అక్షరం తప్పదు. ఇంకా పద్నాలుగు నెలలు మిగిలినవి. ఉదయం ఏడు కాకముందే, పట్టపగలైనా ఆర్పరాని ముందుదీపంతో మా పిల్ల బయలుదేరుతుంది. కాలువ మలుపు దగ్గర గేరు తగ్గించిన చప్పుడు మా వసారాలోకి వినబడుతుంది. ఆ చప్పుడు విన్న తరువాతనే మేము పత్రిక తెరుస్తాము.